ఎత్తెక్కని చిన్న ఇంజను

ఫోనులో ఆర్డరు నొక్కిన సంగతి మరిచిపోకముందే మొన్న బూర్గంపాడులో మా ఇంటి గుమ్మంలోకి ఒక చిన్న పొట్లం వచ్చింది. విప్పితే నల్లటి రబ్బరు ఉంగరాలు, చిటికెన వేలికి కూడా పట్టనంత చిన్నవి. బొమ్మ రైలింజను చక్రాలు పట్టాలమీద జారకుండా తొడిగే టైర్లన్నమాట. అరచేతిలో పోసుకుని చూశాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా కోపమొచ్చింది, ఇంత సులువుగా దొరికే దానికోసమా నేను ఆ వానాకాలమంతా పిచ్చిదానిలా తిరిగింది అని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న బడిలో టీచరు ఉద్యోగం. వారమంతా అక్కడే కిరాయి గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సు పట్టుకుని బూర్గంపాడు వచ్చేదాన్ని, నన్ను పెంచి పెద్దచేసిన పెద్దనాన్న, పెద్దమ్మల దగ్గరికి. పెద్దనాన్న బొగ్గు రైళ్ళు నడిపిన డ్రైవరు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, ఎప్పుడో సికింద్రాబాదులో ముచ్చటపడి కొనుక్కున్న బొమ్మ రైలును ముందుగదిలో బల్లమీద పరిచి, చెక్కముక్కలతో ఒక ఎత్తు కట్టి, వెనక తగిలించిన డబ్బాల్లో నిజం బొగ్గు పలుకులే పోసి నడిపేవారు. సర్కారు రైలు వదిలిందనుకుంటే ఇంట్లో రైలు పట్టుకుందని పెద్దమ్మ సణిగేది, సణుగుతూనే రోజూ ఆ పట్టాలు పాతచీర ముక్కతో తుడిచేది.

ఆ ఏడు తొలకరికి ముందు పెద్దనాన్నకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. చేతికి రోజూ పని పెట్టకపోతే వేళ్ళు ముడుచుకుపోయి ఇక తెరుచుకోవని చెప్పి, భద్రాచలం దవాఖానాలో ఒక మెత్తటి బంతి ఇచ్చారు. పెద్దనాన్న దాన్ని ఎడమచేత్తో గోడకేసి కొట్టారు. కానీ రైలు వేగం పెంచే రెగ్యులేటరును మాత్రం పట్టుబట్టి కుడిచేత్తోనే తిప్పేవారు. వేళ్ళు వణికేవి, నుదుట చెమట పట్టేది, అయినా కొద్దికొద్దిగా తిప్పేవారు. బండి కదిలితే వంకరపోయిన ఆ పెదవిమీదికి నవ్వులాంటిదేదో వచ్చేది. మాకు అదే మందు, అదే మొక్కు.

సరిగ్గా అప్పుడే ఇంజను ఎత్తెక్కడం మానేసింది. చక్రాల మీది రబ్బరు అరిగి నున్నబడిపోయింది. మోటారు గుర్రుమనేది, చక్రాలు ఉన్నచోటే తిరిగేవి, బండి మాత్రం కదిలేది కాదు. పెద్దనాన్న రెగ్యులేటరు వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం కూడా ముట్టలేదు.

"ఆ బండి నడిస్తేనే మీ పెద్దనాన్న చెయ్యి నడుస్తది బిడ్డా. జల్దీ ఏదన్న చెయ్యి" అని పెద్దమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చింది.

ఏం చెయ్యను? కొత్తగూడెం, ఖమ్మం బొమ్మల దుకాణాలన్నీ గాలించాను. కుట్టుమిషను రబ్బరు పెద్దదైంది, జడకు పెట్టుకునే రబ్బరు వేస్తే రెండు చుట్లు తిరగకుండానే ఊడిపోయింది. భద్రాచలంలో సైకిలు షాపాయన ఇంజనును అటూ ఇటూ తిప్పిచూసి, "ఏంది టీచరమ్మా, గింత బండికి పంచరైందా?" అని నవ్వాడు. నా మొహం చూసి ఆ నవ్వు మింగేసి, పాపం, కుర్చీ వేశాడు.

నేను బడిలో ఉన్న వారంలో పెద్దమ్మ తనకు తోచిన వైద్యం తను చేసింది. తడి పట్టాలమీద చక్రాలు జారితే డ్రైవర్లు ఇసుక వదులుతారని మా ఇంట్లో అందరం అన్నం తింటూ విన్నదే. ఆమె గోదారి ఇసుక తెచ్చి, పిండిజల్లెడలో జల్లించి, బొమ్మ పట్టాలమీద చల్లింది. డ్రైవరు ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఎవరికీ రాని ఆలోచన అది. బండి ఒక్కసారి ఎత్తెక్కిందట, పెద్దనాన్న లేచి కూర్చున్నారట, అంతలోనే ఇసుక లోపలి పళ్ళచక్రాల్లోకి దూరి ఇంజను గరగరమని బిగుసుకుపోయింది. శనివారం నేను వచ్చేసరికి పెద్దమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. ఆమెనేమనగలను? ఆదివారమంతా ఇంజను విప్పి కిరసనాయిలుతో, పళ్ళు తోముకునే బ్రష్షుతో రేణువు రేణువూ తీశాను. మోటారు తిరిగింది. చక్రం జారడం మాత్రం అలాగే ఉంది.

ఆ వారం బడిలో సైకిలుకు గాలి కొడుతుంటే వాల్వు ట్యూబు చేతికొచ్చింది, సన్నటి రబ్బరు గొట్టం. ఉంగరంలా కోస్తే చక్రానికి సాగుతుంది గదా అని తట్టగానే కాళ్ళు నేలమీద నిలవలేదు. కానీ గోదారికి వరదొచ్చింది. బూర్గంపాడు దారి మునిగిందన్నారు, బస్సులు ఆగిపోయాయి. వాల్వు ట్యూబు సంచిలో పెట్టుకుని రోజూ బస్టాండుకు పోయి, ఖాళీ రోడ్డును చూసి వెనక్కి వచ్చేదాన్ని. ఇంట్లో ఆ వేళ్ళు ఒక్కొక్కటీ ముడుచుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉండేది. అంత నిస్సహాయంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

దారి తేలాక ఇంటికి చేరి, బ్లేడుతో ట్యూబు కోసి చక్రాలకు తొడిగాను. ఇంజను కొంచెం కుంటుతూనే ఎత్తెక్కింది. పరుగున వెళ్ళి పెద్దనాన్న కుడిచెయ్యి పట్టుకున్నాను. అది పిడికిలైపోయింది. ఎంత బతిమాలినా తెరుచుకోలేదు. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను.

అప్పుడు పెద్దనాన్న ఎడమచేత్తో నా మణికట్టు పట్టి లాగి రెగ్యులేటరు మీద పెట్టారు. నేను ఏడుస్తూనే గబుక్కున తిప్పాను. బండి ఎగిరిపడింది, డబ్బాలు దొర్లాయి, బొగ్గు నేలపాలైంది. పెద్దనాన్న బల్ల చరిచారు. మొహమంతా మెలితిరిగి, నోట్లోంచి ఒక మాట బయటపడింది.

"మె...ల్లగ."

పెద్దమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి, "ఏమన్నడే? ఏదో అన్నడు గదా!" అంది. "అవ్" అన్నాను. ఆ తర్వాత ఆయన నోట మరో మాట రాలేదు, చెయ్యీ తెరుచుకోలేదు. బతికి ఉన్న ఆ కాస్తకాలం చూపుతో ఆయన, చేత్తో నేను, శని ఆదివారాలు బండి నడుపుకున్నాం.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇంజను చక్రాలకు ఆనాటి వాల్వు ట్యూబు గట్టిపడి, పగుళ్ళిచ్చి, ఇంకా పట్టుకునే ఉంది. మొన్న గోటితో దాన్ని గీకి తీసి కొత్త టైర్లు తొడిగాను. మన రోజుల్లో వస్తువు కోసం మనం తిరిగేవాళ్ళం, ఇప్పుడు వస్తువే మనల్ని వెతుక్కుంటూ వస్తోంది, అన్నీ జల్దీగానే జరుగుతున్నాయి. రెగ్యులేటరు తిప్పాను. ఇంజను కుంటలేదు, జారలేదు, ఒక్క ఊపున ఎత్తెక్కి అవతలికి దిగిపోయింది. నేను కావాలనే ఇంకా గట్టిగా తిప్పాను. డబ్బాలు దొర్లాయి, బొగ్గు నేలపాలైంది. బల్ల చరిచేవాళ్ళెవరూ లేరు.