మూడు ముళ్లకూ వెలగాల్సిన ఫ్లాష్

ఫ్లాష్ ఒకసారి వెలిగాక, మళ్లీ సిద్ధమయ్యే ముందు సన్నగా కూస్తుంది. దోమ చెవి దగ్గరికొచ్చి వెళ్లినట్టుండే ఆ చప్పుడు పెళ్లిపందిట్లో మేళాల మధ్య ఎవరికీ వినపడదు. మొన్న మధ్యాహ్నం ఉదయగిరిలో నా స్టూడియో తలుపులు దగ్గరికి వేసుకుని, అమ్మ చెక్కిన కొయ్య గరిటెలు బల్ల మీద పేర్చి ఫొటోలు తీస్తుంటే ఆ కూత గదంతా వినిపించింది. కెమెరా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు విని ఫ్లాష్ మంచిచెడ్డలు చెప్పగలిగిన మనిషిని ఒక్కరినే చూశాను నేను. ఆయన మస్తానయ్య గారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టూడియో నడిపేవారు. ఆయన పోయి రెండేళ్లయింది.

డిగ్రీ అయ్యాక ఆత్మకూరులో పిన్ని ఇంట్లో ఉంటూ ఆయన దగ్గర పనికి చేరాను. మస్తానయ్య గారు పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. పొగడడం ఆయనకు చేతకాదు. నేను తీసిన ఫొటో బాగుంటే ఏమీ అనకుండా పక్క ఫొటోకి వెళ్లిపోయేవారు. ఆ మౌనం కోసం నేను ఎంత పాటుపడ్డానో నాకే తెలుసు. పెళ్లి ఫొటోలకు ఆడపిల్లను తెచ్చావేమిటని ఒకసారి ఒక పెళ్లిపెద్ద ఆయన్ని నిలదీశాడు. "పెళ్లికూతుర్ని తయారుచేసే గదిలోకి నన్ను రానిస్తారా? ఆ పాపను రానిస్తారు. ఇంకేంది నీ బాధ?" అన్నారు.

మూడో ఏడు నాకు సొంతంగా ఒక పెళ్లి వచ్చింది. ఉదయగిరి బజారులో కిరాణా హోల్‌సేల్ నడిపే శెట్టిగారి అమ్మాయి పెళ్లి. అది బాగా జరిగితే ఊళ్లోనే ఒక గది తీసుకుని స్టూడియో పెట్టుకోవచ్చు, తేడా వస్తే కెమెరా పక్కనపెట్టి నాయన చెప్పినట్టు బి.ఎడ్.లో చేరాలి. ఇంట్లో ఒప్పందం అది. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి అప్పటికే కొనుక్కున్నాను. ఫ్లాష్ లేదు. మస్తానయ్య గారిని అడిగితే, "నా ఫ్లాష్‌తో తీస్తే అది నా పెళ్లి అయితాది. నీది నువ్వు కొనుక్కో" అన్నారు. నాకు కోపం వచ్చింది.

కొందామంటే నా దగ్గరున్న డబ్బుకు రెండే దారులు. ఒకటి, కెమెరా కంపెనీవాళ్లదే, ఎవరో వాడి అమ్మిన పాత ఫ్లాష్. ఎంత వెలుగు కావాలో అది తనంతట తానే తేల్చుకుంటుంది. రెండోది, పెద్దగా పేరులేని కంపెనీది, కొత్తది. దానికి వెలుగు మనమే తిప్పి పెట్టుకోవాలి. వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి మొదటిదే కొనాలని నిశ్చయించుకున్నాను. మస్తానయ్య గారు అవునని గానీ కాదని గానీ అనలేదు. నెల్లూరు బస్సెక్కి నాతోపాటు వచ్చారు.

దుకాణంలో ఆయన చేసిన పనికి నాకు తల కొట్టేసినట్టయింది. జేబులోంచి పసుపుతాడు ముక్క తీసి అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ మెడకు చుట్టారు. "పాపా, నేను ముడి వేస్తా ఉంటా. ముడికొకటి నొక్కు" అన్నారు. పాత ఫ్లాష్ మొదటి ముడికి వెలిగింది. రెండో ముడికి వెలిగింది. మూడో ముడి పడే వేళకు సన్నగా కూస్తూ ఉండిపోయింది.

"మూడో ముడి పాయె. మళ్లీ వెయ్యమని పెళ్లికొడుకును అడుగుతావా?"

"అయ్యా, ఇది దుకాణం, కల్యాణ మంటపం కాదు" అన్నాడు దుకాణదారుడు నవ్వుతూ.

ఆయన వినిపించుకోలేదు. కొత్త ఫ్లాష్‌ను నాలుగో వంతు వెలుగుకు తగ్గించి నా చేతికిచ్చారు. వరుసగా తొమ్మిది ముళ్లు వేశారు. తొమ్మిదింటికీ వెలిగింది. వేడెక్కిందేమోనని అరచెయ్యి ఆనించి చూశారు, కెమెరాకు తగిలించే అడుగు ఇనుపదేనా అని గోటితో గీరారు, చెడిపోతే ఏడాదిదాకా మార్చిస్తామని రసీదు మీద రాయించారు. అదే కొన్నాము. తిరుగు బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"వెలుగు ఎక్కువైతే ఏం చెయ్యాలి సార్? అంతలో తిప్పి పెట్టుకునే టైం ఉంటుందా?" అని ఆత్మకూరు దగ్గరపడుతుండగా అడిగాను.

"రెండడుగులు వెనక్కి పో. కాళ్లుండాయి గదా" అన్నారు.

పెళ్లికి ముందురోజు ఉదయం, శెట్టిగారి ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేసి పెళ్లికూతుర్ని చేశారు. ఫ్లాష్ ఎప్పుడూ ముఖాన కొట్టకూడదనేది మస్తానయ్య గారి దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం. అలా కొడితే అందరూ దొంగతనం చేసి దొరికినట్టు కనిపిస్తారట. కల్యాణ మంటపాల్లో ఫ్లాష్ తల పైకి తిప్పి తెల్లటి సీలింగుకు కొడితే, వెలుగు మెత్తగా కిందికి దిగుతుంది. చేతికి అలవాటైన పనికి బుర్రతో పనేముంది? ఇక్కడా తల పైకే తిప్పాను. పైన ఉన్నది సీలింగు కాదు, ఎర్రటి గుడ్డ. పైనుంచి ఎండా ఎర్రగానే దిగుతోంది, నా ఫ్లాష్ వెలుగూ ఎర్రగానే పడుతోంది. ఆ ఎరుపులోనే నిలబడ్డ నా కంటికి తేడా తెలియలేదు. బ్యాటరీలు మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్లి తీసినవి చూసుకున్నప్పుడు తెలిసింది. పెళ్లికూతురు, ముత్తయిదువలు, పిల్లలు అందరూ ఎర్రకారం చల్లుకున్నట్టున్నారు. కంప్యూటర్లో సరిచేద్దామా అంటే, ఎరుపు తీసేస్తే పసుపు కూడా పాలిపోతుంది. ఒంటికి పసుపు లేని పెళ్లికూతురి ఫొటో ఎవరికి కావాలి?

వంటవాళ్ల వెనక్కి పోయి మస్తానయ్య గారికి ఫోన్ చేశాను. ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పి, అవన్నీ తుడిచేసి, కెమెరాలో మెమరీ కార్డు పాడైందని చెబుతానన్నాను.

"తుడిచెయ్యొద్దు. ఇప్పుడే పోయి ఆ పిల్ల తల్లికి చూపించు."

"చూపిస్తే రేపు నన్ను రావద్దంటారు సార్."

"అననీ. ముహూర్తం రేపు గదా. నీ మీద నమ్మకం లేకుంటే ఇంకొకరిని పిలుచుకుంటారు. దాచిపెట్టి ఆ టైం వాళ్లకు లేకుండా చేస్తావా?"

ఫోన్ పెట్టేశారు. వచ్చి ఆదుకుంటానని ఒక్క మాటైనా అనలేదు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు అసహ్యమే వేసింది, ఉన్నమాట చెబుతున్నాను.

పెళ్లికూతురి తల్లి వంటింటి గడపలో తమలపాకులు తుడుస్తూ కూర్చుని ఉంది. కెమెరా ఆమె ముందు పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె చెయ్యి తుడుచుకుని ఒక్కొక్క ఫొటో చూసింది. ఆమె చూస్తున్నంతసేపూ బి.ఎడ్. కాలేజీ గేటు నా కళ్లముందు కనిపించింది.

"ఎర్రగా ఉండారు. అయినా అందరూ ఉండారు" అంది చివరికి. "మరి రేపు తాళి కట్టేదీ ఈ ఎర్రగుడ్డ కిందనే. ఎట్లా తీస్తావు?"

ఆ ప్రశ్న అడుగుతుందని నేను అనుకోలేదు. చుట్టూ చూశాను. ఆమె మామగారు, ముసలాయన, భుజాన మల్లెపువ్వులాంటి పైపంచెతో వసారాలో కూర్చుని ఉన్నారు. "తాతా, ఆ పైపంచె ఒక్క నిమిషం ఇస్తారా?" అని అడిగి, ఇద్దరు ఆడవాళ్లతో చెరొక కొసా పట్టించి షామియానా కింద పెళ్లికూతురి పక్కన అడ్డంగా నిలబెట్టించాను. ఫ్లాష్ తల ఆ తెలుపు వైపు తిప్పి కొట్టాను. కెమెరా తెరమీద ఆ అమ్మాయి బుగ్గన పసుపు పసుపులాగే ఉంది. తల్లి అది చూసి, "మామయ్యా, రేపటిదాకా మీకు పైపంచె లేదు" అంది. వీధంతా నవ్వింది. నేను మాత్రం అప్పుడు ఏడ్చాను.

మర్నాడు ముహూర్తానికి ఫ్లాష్ ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. ఆల్బం తయారయ్యాక తీసుకుని ఆత్మకూరు వెళ్లాను. మస్తానయ్య గారు ఎర్ర ఫొటోలున్న పేజీల దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగారు, మిగతావన్నీ ఏమీ అనకుండా తిప్పేశారు. ఆల్బం మూసి, "రేపట్నుంచి పనికి రావొద్దు. నీ ఊళ్లో గది చూసుకో. ఈ పక్కకు వచ్చినప్పుడు టీ తాగి పో" అన్నారు. ఆయనకు దండం పెట్టాలని తోచనేలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కెమెరాలు మారాయి, ఫ్లాష్‌లూ మారాయి. మారనిది ఒకటే. నా వల్ల చెడితే, వాళ్లకింకా ఏదైనా చేసుకునే వీలుండగానే పోయి చెబుతాను. పోయిన నెల మర్రిపాడు దగ్గర ఒక పెళ్లిలో భోజనాల వేళ చూసుకుంటే, బంధువుల గ్రూపు ఫొటోలు ఉన్న కార్డు నిజంగానే పాడైంది. నేరుగా పెళ్లికొడుకు నాయన దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన తిట్టారు. ఆయన తమ్ముడు ఇంకా గట్టిగా తిట్టాడు. తిట్టడం అయ్యాక అందరూ విస్తళ్ల ముందు నుంచి లేచి, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ వరుసగా నిలబడ్డారు. బద్వేలు బస్సెక్కి కూర్చున్న పెళ్లికొడుకు మేనత్తను కూడా దింపుకుని వచ్చారు.