లేని ఏడో నంబరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పెళ్ళయిన కొత్తలో బందరు దగ్గర మా ఊళ్ళో ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, చీకటితోనే శ్మశానం పక్కగా నడిచి వెళ్ళి బస్సెక్కేదాన్ని. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. అందుకే ఇది రాయాలా వద్దా అని ఇన్నాళ్ళు ఊగిసలాడాను.

మా అమ్మాయి పద్మ భవానీపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. నేను ఊడ్చి తుడిచి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేదాన్ని. కంప్యూటర్లన్నిటికీ నంబర్లుండేవి. మధ్యాహ్నం జనం లేనప్పుడు పద్మ నన్ను చివరి మూలనున్న ఏడో నంబరు ముందు కూర్చోబెట్టి, తెర నిండా ఒక్కో అక్షరం పెద్దగా చూపించేది. జుట్టు నెరిశాక నేను చదవడం నేర్చుకున్నది దాని ముందే.

ఒక వానాకాలం నీళ్ళు షాపులోకి వచ్చేశాయి. మిగతావాటిని బల్లల మీదికి ఎక్కించాం కానీ ఏడో నంబరు నానిపోయింది. పాతసామాన్లవాడు దాన్ని విప్పి, ముక్కలు గోనెసంచిలో వేసుకుని పోయాడు. నేను దగ్గరుండి చూశాను.

గుమ్మం పక్కన లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే కంప్యూటర్ ఒకటి ఉండేది. బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ ముందు దానిలోకి వెళ్ళి, దాని లోపలున్న నెట్‌వర్క్ కార్డు ద్వారా మిగతావాటికి అందేది. ఆ ఏడాది ఆయుధపూజకి, షాపు గది మాకు అద్దెకిచ్చిన సుబ్బారావు గారు వచ్చారు.

"డబ్బాకి బొట్టు పెడితే ఏముందమ్మా? పనిచేసేది లోపలిది కదా!" అని మూత తీయించి, తడి పసుపూ కుంకుమా ఆ కార్డుకే అద్దారు. పెద్దాయన. పద్మ వద్దనలేకపోయింది.

పండగ వెళ్ళాక షాపు తెరిస్తే ఇంటర్నెట్ లేదు. ఆ రోజే టీచరు ఉద్యోగాల పరీక్ష ఫలితాలు. బయట జనం మూగారు. వరద తర్వాత సెంటర్ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. సుబ్బారావు గారికి ఓపిక నశించింది. "ఇవాళ కూడా నడవకపోతే గది మందుల షాపువాళ్ళకి ఇచ్చేస్తానమ్మా, ఏమీ అనుకోవద్దు" అని ముందే చెప్పారు. అదొక్కటే మా ఇద్దరి బతుకుదెరువు.

పద్మ తీగలు మార్చింది. ఏవేవో ఆజ్ఞలు కొట్టింది. కార్డు కనబడటం లేదనే వస్తోంది. కూర్చుంటుంది, లేస్తుంది, గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది. నేనేమో తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తున్నాను.

"కాసేపు కుదురుగా ఉండవే అమ్మా, నాకు పిచ్చెక్కుతోంది!" అని విసుక్కుంది.

చివరికి కంప్యూటర్ ఆపి, ఇంటర్నెట్ తీగలన్నీ పీకి, కార్డు ఊడదీసి నా చేతిలో పెట్టింది. కార్డు అంచున కుంకుమ గట్టిపడి ఉంది. "ఆయన భక్తి మన కొంప ముంచింది" అంది. నేను చీర కొంగుతో తుడవసాగాను. మిగతా కంప్యూటర్ బాగుందో లేదో చూద్దామని ఆమె కార్డు లేకుండానే దాన్ని వెలిగించింది.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాన్ని పిలిచే ఆజ్ఞ ఒకటుంది. అవతలిది ఉంటే పలుకుతుంది, పలికినప్పుడల్లా తెర మీద ఒక వరస వస్తుంది. అన్నిటికన్నా దూరంగా ఉండేదని పద్మ ఎప్పుడూ ఏడునే పిలిచేది. ఆ రోజు కంగారులో పాత అలవాటు కొద్దీ వేళ్ళు అదే కొట్టేశాయి.

తెర మీద ఒక వరస వచ్చింది. దాని కింద ఇంకోటి. ఆగకుండా వస్తున్నాయి.

"అమ్మా, కార్డేదీ?"

"నా చేతిలోనే ఉందే."

పద్మ వంగి కంప్యూటర్ వెనక తడిమి చూసింది. ఒక్క ఇంటర్నెట్ తీగ కూడా లేదు. నేను తెర దగ్గరికి జరిగి వేలు పెట్టి చదివాను. ప్రతి వరసలోనూ ఏడో నంబరే.

అప్పుడే సుబ్బారావు గారు మందుల షాపువాళ్ళతో లోపలికి వచ్చారు. తెర వంక చూసి, "ఏంటమ్మా, నడుస్తోందా?" అన్నారు.

పద్మ నా మొహం చూసింది. నేను కార్డున్న చెయ్యి కొంగులో దాచుకున్నాను.

"పలుకుతోందండీ" అంది పద్మ.

"మరింకేం! జనాన్ని లోపలికి రానివ్వండి" అని ఆయన వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళిపోయారు. వాళ్ళు మెట్లు దిగగానే వరసలు ఆగిపోయాయి.

తుడిచిన కార్డు మళ్ళీ బిగిస్తే పనిచేసింది. అందులో వింతేమీ లేదు, కుంకుమ పోయింది కాబట్టి పనిచేసింది. పద్మకి తెలిసిన ఇంజనీరు ఒకాయన ఇదంతా విని, పక్క షాపు కంప్యూటర్ ఏదో పలికి ఉంటుందన్నారు. తీగా కార్డూ లేకుండా ఎలాగండీ అని అడిగితే, మేమే ఏదో పొరబడ్డామన్నారు. కావచ్చు. కానీ చూసింది మేమిద్దరం, చదివింది నేను.

తర్వాత కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పద్మ ఏడో నంబరు దేనికీ ఇవ్వలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నేనే కొన్నిసార్లు దాన్ని పిలిచాను. అక్కడ అలాంటిదేదీ లేదనే వచ్చింది.

నాకూ తెలుసు లేదని. మరి ఆ రోజు పలికిందెవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.