రావివేరు పట్టిన మండపం

ఫ్లెక్సీలు రాకముందు నర్సీపట్నంలో దుకాణాల పేర్లన్నీ వరహాలు చేతి రాతలే. ఆ పని పోయాక, అతడు సైకిలెక్కి రోలుగుంట వైపు కొండవాలుకు పోయేవాడు. అక్కడ పాడుబడిన రాతిమండపాన్ని పదేపదే గీసేవాడు. కప్పు సందులో మొలిచిన రావి, వేళ్లు దించి స్తంభాలను కావలించుకుంది. తిప్పతీగ రాతి నర్తకిని అల్లుకుంది. శిల్పి వదిలిన చోటినుంచి మొక్కలు చెక్కుతున్నాయని వరహాలు నమ్మకం. ఆ నమ్మకం తప్ప అతడికి మిగిలిందేమీ లేదు.

మండపం అలాగే నిలవాలన్న ఆశతో తన బొమ్మల్లో పెద్దదాన్ని కొండ కింది ఊరి జాతరలో నిలబెట్టాడు. అదే అతడు చేసిన పొరపాటు. జనానికి అందులో అందం కనబడలేదు, దేవుడి చోటికి పట్టిన దుర్గతి కనబడింది. వెంటనే జీర్ణోద్ధరణ సంఘం పుట్టింది. జీడితోట రైతు జోగులు దానికి పెద్ద.

"ఏటి మావా, దేవుడి కంటే పిచ్చిమొక్కల్నే ముద్దుగా గీసినావు? ఆటికేటైనా ఓటుందేటి?" అన్నాడు జోగులు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఆ రావి ఏరు లాగీకురా బాబూ," అన్నాడు వరహాలు. "రాళ్లని అదే పట్టుకునుంది."

"మండపం గతి మాకు సూపించింది నువ్వే కదా! బేగి బాగుసేసి, నీ సేతే రంగులేయిస్తాం."

వాళ్ల భక్తి అబద్ధం కాదు. ఘోరమంతా అక్కడే ఉంది. శిథిలం నేరమనుకునేవాళ్లు దానికి వేసే శిక్ష పేరు శుభ్రత. రావిచెట్టు మొదలు దగ్గర యాసిడ్ పోశారు. ఆకులు రాలాక వేళ్లకు గొలుసు తగిలించి ట్రాక్టరుతో లాగారు. వేళ్లతో స్తంభాలు వచ్చాయి, స్తంభాలతో కప్పు వచ్చింది. దుమ్ములో నిలబడి జోగులు లెంపలేసుకున్నాడు.

మర్నాడు జోగులే వరహాలు ఇంటి గుమ్మంలోకి వచ్చాడు.

"సిమెంటుతో మళ్లీ కడతాం మావా. మొక్కల్లేకుండా ఎలాగుండేదో గీసియ్యి. మేస్త్రీకి సూపించాల."

వరహాలు కాగితం పరిచాడు. స్తంభం అంచు గీసి ఆగిపోయాడు. ఆకుల వెనక రాయి ఎలా ఉండేదో అతడు ఏనాడూ చూడలేదు. పాత బొమ్మలన్నీ నేలమీద పరిచి వెతికాడు. రాయి ఉండాల్సిన ప్రతిచోటా ఆకులే.

"గీయలేన్రా. నాకు తెలీదు."

జోగులు వంగి ఓ బొమ్మ తీసి చూసి, మళ్లీ నేలమీదే పెట్టాడు.

"అలాగైతే మేస్త్రీని సాదాగా కట్టీమంతాను," అని చెప్పులు తొడుక్కున్నాడు.