గోతిలో గుర్నాథం మావయ్య

కొన్ని తప్పులు పాతబడితే తేలికవుతాయంటారు. నాది కాలేదు. ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను, నా భార్యకి కూడా చెప్పకుండా. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక చిన్న దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. మా పత్రికను జనం వెనక పేజీ నుంచి చదివేవారు. అక్కడ సుందర్రావు గారి మూడు గడుల బొమ్మలుండేవి. వాటిలో గుర్నాథం మావయ్య అనే బక్కపల్చటి మనిషి రోజూ ఏదో ఒక తిప్పలు పడేవాడు. రావులపాలెం వెళ్లాల్సినవాడు జంగారెడ్డిగూడెం బస్సెక్కేవాడు. పడవ దిగుతూ చెప్పు నీళ్లలో వదిలేసేవాడు. "ఇవాళ మావయ్య ఏం చేశాడండీ?" అని టీ కొట్ల దగ్గర ఒకరినొకరు అడిగేవారు. లేని మనిషి గురించి ఊరు ఊరంతా అలా ఆరా తీయడం నేను మరెక్కడా చూడలేదు.

ఆయన గీస్తుంటే పక్కన నిలబడేవాణ్ణి. కలం ఎత్తకుండా ఒక్క గీత లాగితే బస్సూ, అందులో కిక్కిరిసిన జనమూ, కిటికీలోంచి బయటికొచ్చిన కోడి తలా వచ్చేసేవి. నాకు ఒళ్లు జలదరించేది. ఇది మనిషి చెయ్యేనా అనిపించేది. అంత భక్తి ఉన్నవాణ్ణి ఆ పని ఎలా చేశాను? భక్తిలోనే అసూయ కూడా ఉందా? ఇప్పటికీ రెంటినీ విడదీయలేను.

అది వానాకాలం. మావయ్య రోడ్డు మీది గోతిలో పడ్డాడు. చివరి గడిలో వెల్లకిలా పడి పైకి చూస్తున్నాడు. మాట లేదు. పైనంతా తెల్లటి ఖాళీ. చూడగానే నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో కళ్లు చెమర్చాయి. సుందర్రావు గారు భోజనానికి వెళ్లారు. అచ్చు వేయడానికి బ్లాకు చేయించాల్సిన బొమ్మ నా బల్ల మీద ఉంది. ఆ ఖాళీలో, అచ్చం ఆయన అక్షరాల్లాగే, మావయ్య నోటికి నేనొక మాట తగిలించాను: "ఛైర్మన్ గారూ, మీ మేడకి పునాది ఇక్కడ తవ్వించారేంటండీ?"

మర్నాడు ఊరంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాదని గాల్లో తేలిపోయాను. మునిసిపల్ ఛైర్మన్ మా యజమానికి వియ్యంకుడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

సాయంత్రం ఎడిటర్ గారు మమ్మల్నిద్దరినీ పిలిచి, పేపరు బల్ల మీద పరిచారు.

"ఎవరండీ ఇది రాసింది?"

సుందర్రావు గారు ఆ గడిని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను తల దించుకున్నాను.

"నేనేనండి," అన్నారాయన. అక్కడికక్కడే ఆయన ఉద్యోగం పోయింది.

మెట్ల మీద ఆయన్ని ఆపి, "అలా ఎందుకన్నారండీ?" అని అడిగాను.

"నీకు నిన్నగాక మొన్న పెళ్లయింది. నాకు బొమ్మ వచ్చు, ఎక్కడైనా బతుకుతాను," అన్నారు. కొంచెం దిగి ఆగారు. "అయినా ఆకాశమంతా కప్పేశావేంటయ్యా?"

అదొక్కటే ఆయన బాధ. ఎడిటర్ గది తలుపు ఇంకా తెరిచే ఉంది. వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు.

గుర్నాథం మావయ్య మరి కనబడలేదు. పత్రికను చిక్కుల్లో పెట్టే మనిషన్న పేరు పడి, సుందర్రావు గారిని ఇంకెవరూ తీసుకోలేదు. భీమవరంలో దుకాణాలకి బోర్డులు రాసుకున్నారు. నేను ఆదివారం సంచికకి ఇన్‌చార్జినయ్యాను. ఒకసారి భీమవరంలో బస్సు దిగి, ఐసు ఫ్యాక్టరీ గోడ మీద చేప బొమ్మ చూశాను. ఒకే గీత. నీళ్లు గీయలేదు, అయినా చేప ఈదుతోంది. ఎవరిదో అడగక్కర్లేదు. ఆ ఎండలో అలాగే నిలబడిపోయాను. ఆయన్ని మాత్రం వెతకలేదు. తిరుగు బస్సెక్కేశాను.

ఎనభైల చివర్లో ఆయన పోయారు. సంతాప సభలో ఆయన గొప్పతనం గురించి నేనే మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సభయ్యాక ఆయన కూతురు నా దగ్గరికొచ్చింది.

"నాన్న ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదండీ. ఆ రోజు అంత మాట ఎందుకు రాశారో మీకేమైనా తెలుసాండీ?"

"కళాకారుడి ఆవేశం, అమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

క్షమించమని ఎవర్నీ అడగను. అడిగే అర్హత ఆ మెట్ల మీదే పోయింది. కానీ ఆ అమ్మాయి అడిగినదానికి నిజమైన జవాబు ఒకటుంది. ఎక్కడో ఒకచోట అది నా చేత్తో రాసి ఉండాలి.

అమ్మా, ఆ మాట మీ నాన్నగారిది కాదు. నేను రాశాను.