కోటకొమ్మ పళ్ల సైకిలు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద బొమ్మలు గీయడం నా పని. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఏడు వానల్లేక మా వీధి కొళాయి ఎండిపోయింది. మిట్ట కింది తోట బావే అందరికీ గతి. నా భార్య అప్పుడు నిండు చూలాలు. నెత్తిన బిందెతో ఆమె ఆ మిట్ట ఎక్కుతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. నేను తెస్తానంటే, "నీ సైకిలు మిట్ట కాడ నిలబడిపోతాది, నాకు తెల్దా?" అనేది. నిజమే. బిందెలు కడితే పెడలు కదిలేది కాదు. దిగి తోస్తే బండి ఒరిగి నీళ్లు తొణికేవి.

వెనక పళ్లచక్రం పెద్దదైతే ఎక్కడం తేలికని సైకిలు షాపాయన చెప్పాడు. అంత పెద్దది ఎక్కడా దొరకదట. "ఓస్, అదెంత పని!" అని నేనే గీసిచ్చాను. కోటకొమ్మ అంచులో వరసగా నిలబడే మొనల్లాగా చక్కగా కుదిరాయి పళ్లు.

"ఏమన్నా, సైకిలుకు చీర కడతావా?" అన్నాడు షాపాయన.

నా గీతకే వంక పెడతాడా అని ఒళ్లు మండింది. "గీసింది గీసినట్ల కొయ్యప్పా!" అన్నాను. పాపం, ఇనుప రేకు అలాగే కోసి బిగించాడు.

మిట్ట సగంలో చైను ఆ మొనల మీదికెక్కి జారింది. బిందెలతో సహా పడ్డాను. నా భార్య పరుగున వచ్చి ముందు నా మోకాళ్లు చూసింది. దెబ్బ లేదని తెలిశాక అందుకుంది.

"ఊరంతా నీళ్లకు ఏడుస్తాంటే నువ్వు రోడ్డుకు తలంటు పోసినావే!"

"ఆయప్ప సరిగ్గా కొయ్యలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్లుండాది నీ కత."

మరునాడు పొద్దున చద్ది సంగటి తింటున్నాను. వేలు దిగిన చోట గుంట అట్లే నిలిచింది. చైనుకు కావలసింది కూర్చోవడానికి గుంట! అంచు గీసేవాడికి కొమ్మే కనబడుతుంది, కొమ్మల నడిమి జాగా కనబడదు. సంగటిని రొట్టెలా తట్టి, గుండ్రంగా కోసి, కడిగిన చైనును దాని చుట్టూ బిగించబోయాను.

"తినేదాంట్లో చైనా! నీకేం పుట్టిందయ్యా?" అని అరిచింది. అరుస్తూనే రెండో కొస పట్టుకుంది.

చైను తీసి చూస్తే అంచంతా గుండ్రటి గుంటలు. వాటినే కాగితం మీదికెత్తి, పళ్ల మొనలు మొద్దు చేశాను. షాపాయన ఈసారీ గీసింది గీసినట్లే కోశాడు.

ఆ సాయంత్రం రెండు బిందెలతో దిగకుండా మిట్టెక్కాను. ఎంత సంతోషమో! ఆమె పైన ఎదురుచూస్తోంది. నమ్మకం లేక, బిందె మోయడానికి నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టుకునే వచ్చింది. నన్నూ బిందెలనూ మార్చి మార్చి చూసి, ఆ చుట్టకుదురు తీసి, గుడ్డ విప్పి నా ముఖం తుడిచింది.

కాన్పు దాకా దాన్ని మళ్లీ చుట్టలేదు. ఉతికి దాచి, మా పాపకు పొత్తిగుడ్డ చేసింది.