మాపైతే కండ్లు ఆనవు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది ఆగస్టులో, నేను పనిచేసే ప్రయాణాల కంపెనీ నన్ను హైదరాబాదు నుంచి బెంగళూరు గాంధీనగర్ శాఖకు మార్చింది. హోదా సీనియర్ మేనేజరు, విభాగం విదేశీ యాత్రలు. విరమణకు ఇంకా మూడేళ్ళు ఉంది. మాది తెనాలి వైపు. సర్వీసులో సగం యూరప్ యాత్రలతోనే గడిచింది కాబట్టి ఈ పని నాకు కొట్టిన పిండి అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో వచ్చినవాళ్ళంతా అడిగేది నార్తర్న్ లైట్స్. ధ్రువం దగ్గరి దేశాల్లో చలికాలపు రాత్రులు ఆకాశంలో కదిలే రంగుల వెలుగు. సూర్యుడు బాగా చురుగ్గా ఉన్న సంవత్సరాలవి, ఎవరి ఫోను చూసినా ఆ వీడియోలే. నాకు మాత్రం ఆ యాత్ర అమ్మడం గిట్టేది కాదు. ఈఫిల్ టవరు ఎక్కడికీ పోదు. ఇది మబ్బు పడితే లేదు. పైగా కెమెరాకు పచ్చగా పడేది మామూలు కంటికి చాలాసార్లు పాలిపోయిన తెలుపుగానే ఉంటుంది. ఆ సంగతి ఏ బ్రోషరులోనూ వేయరు. నేనూ అడిగినవాళ్ళకే చెప్పేవాణ్ణి.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చారు. ఆయన పేరు రామాంజప్ప, ఆమె నాగరత్నమ్మ. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. దొడ్డబళ్ళాపురంలో సొంత మగ్గాలు, ఇంట్లో మాట ఆ వైపు యాస తెలుగు. బళేపేట పట్టు కొట్లకు చీరలు వేసి అటునుంచి అటే మా ఆఫీసుకు వచ్చారు. పెళ్ళయిన నాటినుంచీ పట్టు నూలుకు రంగులు కలిపేది ఆమె అట. నా బల్ల మీద ఉన్న బ్రోషరును కిటికీ వెలుగులోకి తిప్పి, అచ్చులో రంగు చెడిందని వెంటనే పట్టుకుంది. నాకు ముచ్చటేసింది.

మా వృత్తిలో ఎంక్వైరీ షీటు అని ఒకటుంటుంది. మనిషి ఎక్కడికి, ఎప్పుడు, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నాడో మొదటి మాటల్లోనే రాసుకునే కాగితం. వీసా, టికెట్లు, బస అన్నీ ఆ తర్వాత దాన్ని పట్టుకునే నడుస్తాయి. కింది ఉద్యోగులు నింపవలసిన ఆ షీటును, ముచ్చటపడి, ఆ రోజు నేనే నింపాను.

ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారని అడిగాను.

“నేను కలపని పచ్చ లేదు సార్. ఫోనులో చూసిన ఆ పచ్చ మాత్రం ఎంత కలిపినా రాలేదు. ఒక తూరి దాన్ని ఎదురుగా చూడల్ల,” అంది నాగరత్నమ్మ. బ్రోషరు పక్కన పెట్టి, “కంటి వెనకాల పొర చెడిండాదని డాక్టరు చెప్పినారు. మాపైతే కండ్లు ఆనవు నాకు,” అంది.

“లైటు అంటే కనపడతాది గదా సార్?” అన్నాడు రామాంజప్ప.

కనబడకేమండీ అన్నాను. షీటు మీద “చూపు రేపో మాపో పోవచ్చు. ఈ చలికాలమే పంపాలి” అని రాసి కింద గీత గీశాను.

చోటు ఎంచడానికి వారం పట్టింది. ఐస్‌లాండ్‌ను ముందే పక్కన పెట్టాను. అక్కడ గాలి ఎప్పుడెలా తిరుగుతుందో తెలియదు, మంచు పట్టిన రోడ్లు మూసేస్తే బసలోనే కూర్చోవాలి. రెండోది నార్వేలోని ట్రొమ్సో. సముద్రపు ఒడ్డున వీధిదీపాలున్న ఊరు. అక్కడి గైడు వ్యానులో ఎక్కించుకుని మబ్బు లేని చోటుకు తీసుకెళ్తాడు. పెద్ద తెర తగిలించిన కెమెరా ఒకటి వెంట ఉంటుంది, ఆకాశంలో కదిలేది అప్పటికప్పుడు ఆ తెర మీద రంగులతో కనిపిస్తుంది. మూడోది ఫిన్లాండ్ ఉత్తర భాగంలో, ఊళ్ళకు దూరంగా, గడ్డకట్టిన సరస్సు పక్కన చెక్క ఇళ్ళు. సముద్రానికి దూరం కాబట్టి మబ్బు తక్కువ. దీపమన్నది లేదు. కళ్ళు చీకటికి అలవాటు పడాలని అక్కడ టార్చి వెలిగించనివ్వరు, ఫోను తీయనివ్వరు.

నేను మూడోది ఎంచాను. కళ్ళు ఉండగానే చూడాలనుకునే మనిషికి తెర మీద బొమ్మ చూపించి పంపడం అన్యాయమనిపించింది. తెర కోసం అంత దూరం ఎందుకు, అది దొడ్డబళ్ళాపురంలోనే ఉంది కదా అని వాళ్ళతోనూ అన్నాను. ట్రొమ్సో కాగితం వాళ్ళకు చూపించనైనా లేదు. తేదీలు అమావాస్య చుట్టూ పెట్టాను. వెన్నెల ఉంటే ఆ వెలుగు వెలవెలబోతుంది.

రామాంజప్ప నసిగాడు. “అమావాస్య దినాల్లో ప్రయాణమా సార్?” అన్నాడు. ఆచారం పట్టింపు అనుకుని నచ్చజెప్పాను. నాగరత్నమ్మ మాత్రం, “వెన్నెల ఉంటే నాకు కొంచెం మేలు గదా?” అంది. వెన్నెల ఉంటే అసలు సంగతి కనబడదమ్మా అని ఆ మాట అక్కడే తుంచేశాను. నేను పెద్దవాణ్ణి, తెలిసినవాణ్ణి అన్న గౌరవంతో ఇద్దరూ సరే అన్నారు.

ఇన్సూరెన్సు కాగితంలో ముందునుంచీ ఉన్న జబ్బుల గడి ఉంటుంది. బీపీ అడిగాను, సుగరు అడిగాను. కళ్ళ గురించి అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

ఫిబ్రవరిలో బయలుదేరారు. దేవనహళ్ళి విమానాశ్రయానికి వీడ్కోలు చెప్పడానికి నేనూ వెళ్ళాను. పొద్దుగూకే వేళ. కారు దిగిన నాగరత్నమ్మ పేవ్‌మెంటు అంచు తట్టుకుని తూలింది, భర్త భుజం పట్టుకుని నడిచింది. కొత్త మంచుబూట్లు అలవాటు లేక అనుకున్నాను. ఇప్పటికీ ఆ అడుగు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. కళ్ళున్నది ఎవరికి, లేనిది ఎవరికి అని.

రెండో రోజు ఫిన్లాండ్ ఏజెంటు నుంచి మెయిలు వచ్చింది. కాంతి బ్రహ్మాండంగా వచ్చిందని, గుంపంతా గంటసేపు బయటే ఉన్నారని. నేను ఆ మెయిలు ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను.

తిరిగొచ్చిన వారానికి ఫైలు మూయడానికి ఇద్దరూ వచ్చారు. ఫైలు మూయడమంటే యాత్ర ఎలా జరిగిందో వాళ్ళ చేత రాయించుకోవడం. రామాంజప్ప అన్ని గడుల్లోనూ “బాగుండాది” అనే రాశాడు. నేను ఆమె వైపు తిరిగి, పచ్చ ఎలా ఉందమ్మా అని అడిగాను.

“నాకు కనపడలేదు సార్,” అంది, ఏ నిష్ఠూరమూ లేకుండా.

అంతలోనే చూపు పోయిందా అన్నాను.

“ఇప్పుడేం పోలేదు. రాత్రిపూట చూపు పోయి నాలుగేండ్లయ్యె. మాపైతే కండ్లు ఆనవని మొదటి దినమే చెప్తిని గదా. మీరు రాసుకుంటిరి.” ఆమె నవ్వింది. “రాత్రి బల్బు వెలిగితే నాకు కనపడతాది. ఇదీ లైటే అంటిరి గదా, కనపడతాదనుకుంటిని.”

మాపు అంటే ఈ వైపు సాయంత్రం, రాత్రి. ఆమె చెప్పింది రేచీకటి గురించి. మా ఊళ్ళో పాతవాళ్ళు మాపటేళ అనడం నేను చిన్నప్పుడు విన్నవాణ్ణే. కానీ ఆ మాటను నా నోటికి అలవాటైన రేపో మాపోలోకి తోసి, “ఆనవు” అన్నదాన్ని ఇక ముందు ఆనవు అని అర్థం చేసుకున్నాను. చీకట్లో చూడలేని మనిషిని వెతికి వెతికి ఉన్నవాటిలోకెల్లా చీకటి చోటుకు, చీకటి తేదీల్లో పంపాను.

క్షమించమని అడిగాను.

“బేజారు చేసుకోవద్దండి సార్. అందరూ ఓ అని అరుస్తా ఉంటే విన్యాను. ఈయన పక్కన నిలబడి రంగులన్నీ చెప్పినాడు. పడుగు చిలకపచ్చ, పేక నిమ్మపండు, అంచు వంగపండు అని. ఆయన చెప్పేకొద్దీ నేను మనసులో చీర నేసుకుంటా ఉంటిని.”

లోపలికి వచ్చాక తోటివాళ్ళు దీపం కింద ఫోనుల్లో ఫోటోలు చూపించారట. అది ముందే చూసిన పచ్చే కదా అంది.

ఆమె కుర్చీలోంచి లేచేలోగా రామాంజప్పను మెట్ల దాకా పిలిచి, వచ్చే చలికాలం ట్రొమ్సోకు మా తరఫున పంపుతాం, అక్కడ తెర ఉంటుంది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“వద్దప్పా. మళ్ళా పోతే నిజం తెలిసిపోతాది.” గొంతు తగ్గించాడు. “నాకూ పచ్చగా ఏం కనపడలేదు సార్. తెల్లగా, పొగ మాదిరి ఉండాది. మన షేడు కార్డులో ఉండే రంగులన్నీ తలుచుకుని చెప్పినాను. ఆమెకు చెప్పద్దండి.”

చెప్పలేదు. ఆయన లోపలికి వెళ్ళి, ఆమె చేయి పట్టుకుని మెట్లు దిగాడు. పట్టపగలే అయినా ఆ మెట్ల దగ్గర వెలుతురు తక్కువ.

ఆ సాయంత్రం ఫైలు తెరిచి, షీటు మీద నా వాక్యం కొట్టేశాను. దాని పైన “మాపైతే కండ్లు ఆనవు నాకు” అని ఆమె మాట ఆమె నోట వచ్చినట్టే రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. జరిగిన పొరపాటు నాదేనని పై ఆఫీసుకు ఉత్తరం రాశాను.

విరమణ దాకా మా శాఖలో రెండు పద్ధతులు నడిపాను. వచ్చినవాళ్ళ మాట వాళ్ళ యాసలోనే షీటు మీద రాయాలి, రాసింది వాళ్ళకు చదివి వినిపించి అర్థం అడగాలి. రెండోది, మనం వద్దనుకున్న చోట్ల కాగితాలు కూడా వాళ్ళ ముందు పెట్టాలి. ట్రొమ్సోలో ఆమెకు ఆకాశం కనబడేది కాదు, కానీ అక్కడే నిలబడి ఆ పచ్చ కదలడం తెర మీద చూసేది. అది చాలో చాలదో చెప్పవలసింది ఆమె. ఆమెను అడగకుండా నేను చెప్పాను.