మా బడి గోడ మీది ఢిల్లీ

ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో నేను సోషల్ చెప్త. వరండా గోడ మీద కేంద్ర మంత్రిత్వ శాఖలు, మంత్రుల పట్టిక రాసింది కూడా నేనే. పెయింటర్ దొరకలేదని బ్రష్షు పట్టిన. అక్షరాలు ఎడమ దిక్కు బొద్దుగా మొదలై, కుడి దిక్కు చోటు చాలక బక్కచిక్కిపోతయి.

ఆ గోడను నిజంగా చదివింది ఒక్కతే. తొమ్మిదో తరగతి పిల్ల, వాళ్ల బాపు చెరువుల చేపలు పడతడు. మండల క్విజ్‌లో మొదటి బహుమతి సైకిల్ అని తెలిసిన కాన్నుంచి, రోజూ ప్రార్థనకు ముందే వచ్చి గోడ ముందు నిలబడి గొణుక్కునేది. ఇంటి నుంచి బడికి ఆమెది చాలా నడక.

శేరిగూడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాల్లో పోటీ. ఆఖరి ప్రశ్న దాకా మా పిల్ల, ఇంకో బడి పిల్ల సమానంగా ఉన్నరు. దేశంలో చదువుల సంగతి చూసే కేంద్ర మంత్రిత్వ శాఖ పేరేందని జడ్జి అడిగిండు. మా పిల్ల టక్కున బజర్ నొక్కింది.

"మానవ వనరుల అభివృద్ధి శాఖ."

జడ్జి తల అడ్డంగా ఊపిండు. అవతలి పిల్ల ఏమీ చదవకుండనే, చదువంటే విద్యా శాఖే గదా అని నసిగింది. సైకిల్ ఆ పిల్లకు దక్కింది. శాఖ పేరు మారి ఏండ్లయింది. ఢిల్లీ కొత్త చిగురు తొడిగినా, నేను పాత శాఖనే పట్టుకొని వేలాడుతున్న.

లేచి నిలబడి, తప్పు పిల్లది కాదు, గోడది అన్న. మళ్ల నేనే, గోడది గూడ కాదు, రాసినోనిది అన్న. హాలంతా నవ్వింది. జడ్జి ఒకప్పుడు మా బడి తనిఖీకి వచ్చి, ఆ గోడ చూసి 'చాలా బాగుంది' అని రిజిస్టర్‌లో రాసిపోయిన పెద్దమనిషే. గుర్తు చేద్దామనుకున్న గానీ, నాకింకా సర్వీసుందని కూర్చున్న.

రెండో బహుమతి టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని పిల్ల నాతో ఆటోలో వచ్చింది. దిగేటప్పుడు అడిగింది.

"గోడ మీద ఇంకేమేం తప్పులున్నయ్ సార్? నేనంతా నోటికి నేర్చుకున్న."

మర్నాడు బడి అయినంక, ఆమె నా ఫోన్‌లో సర్కారు వెబ్‌సైట్ చూసి చదువుతుంటే, నేను స్టూలెక్కి తప్పులు ఒక్కొక్కటి పెయింట్‌తో కప్పి మళ్ల రాసిన. విద్యా శాఖ అయిపోయి మంత్రి పేరు కాడికి రాంగనే నన్ను ఆపింది. చాక్‌పీస్ అందించింది.

"పేర్లు మారుతుంటయ్ సార్, గిదానితోని రాయుండ్రి. వచ్చే ఏడు నాకు సైకిల్ గావాలె."